పుట్టకు మందు

నా పరిశోధనంతా మందు మానేసేవాళ్ల మీద. తాగే మందు కాదు. అది మానేసేవాళ్ల మీద పరిశోధన చేయాలంటే ముందు అలాంటివాళ్లు దొరకాలి. నాది నెత్తుటి జబ్బుల శాఖ.

నెత్తుటి క్యాన్సర్లలో ఒకటి చాలా నిదానమైనది. ఒకప్పుడు నిదానంగానే అయినా మనిషిని తీసుకునిపోయేది. ఇప్పుడు దానికి మాత్ర వచ్చింది. రోజూ ఒకటి మింగితే షుగరుతోనో బీపీతోనో బతికినట్టు దానితోనూ బతికేయవచ్చు. చిక్కల్లా ఆ రోజూ అన్న మాటలోనే ఉంది. ఒంట్లో బాగుంది కదా అని మానేస్తే కొన్నాళ్లు ఏమీ కాదు. ఆ తరువాత నిదానమైన జబ్బు తన నిదానాన్ని మరిచిపోతుంది. అక్కడి నుంచి మా చేతుల్లో పెద్దగా ఏమీ ఉండదు.

ఇంత మంచి మాత్రను జనం ఎందుకు మానేస్తారు? ఇదే నా ప్రశ్న. ఈ ప్రశ్న నాకు ఒక కారునూ, కోయంబత్తూరులో ఒక ఇంటినీ, కొన్ని విమాన ప్రయాణాలనూ సంపాదించిపెట్టింది. జవాబు మాత్రం దొరకలేదు. దొరికితే పరిశోధన ఆగిపోతుంది కాబట్టి నేనూ మరీ తొందరపడలేదు.

ఇలా ఉండగా ఆ జబ్బు మా అత్తకు వచ్చింది. అత్త అంటే మా నాన్న అక్క. కోయంబత్తూరు శివార్లలోని తుడియలూరులో మా బావకు పంపుసెట్ల వర్క్‌షాపు ఉంది, దాని ముందే ఇల్లు. ఇంట్లో అత్త, ఆమె కొడుకైన ఆ బావ, ఆయన భార్య, అంతే. ఆయాసంగా ఉంటున్నదని రక్తం పరీక్ష చేయిస్తే తెల్లకణాలు ఉండవలసినదానికంటే ఎన్నో రెట్లున్నాయి. మా ఆస్పత్రికే తీసుకొచ్చారు. బోర్లా పడుకోబెట్టి, తుంటి ఎముకలోకి సూది దించబోతుంటే అత్త తల తిప్పింది.

"ఏమి తీస్తావు అల్లుడా?"

"ఎముక లోపల మెత్తగా ఉంటుందే, అది అత్తా."

"మూలుగ అని చెప్పరాదా? మా ఇంట్లో నల్లి ఎముక తినలేదా నువ్వు?"

ఆ మాట నాకు తెలియదు. తమిళ రోగులతో మజ్జై అంటాను, మిగతా ప్రపంచంతో బోన్ మ్యారో అంటాను. చేతికి గ్లవుజులు వేసుకుని, ఇంత వయసొచ్చాక, నా వృత్తికి మూలమైన మాటను నా రోగి దగ్గర నేర్చుకున్నాను.

"మూలుగ తీసేటప్పుడే మూలగల్నా, తీసినాక మూలిగితే చాలునా?" అంది అత్త.

మా తెలుగు గురించి ఇక్కడ కొంచెం చెప్పాలి. మాది ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఆస్పత్రిలో ఇంగ్లీషు. మా వాళ్లు తెలుగును వెంటబెట్టుకుని ఎన్ని తరాల కింద ఇటు వచ్చారో ఎవరికీ సరిగా తెలియదు. దారిలో తమిళం ఎక్కింది, మళ్లీ దిగలేదు. నేను చదివింది తమిళ బడిలో. వైద్యం మదురైలో, ఇంగ్లీషులో. తెలుగు అక్షరాలు నాకు మొన్నమొన్నటిదాకా జిలేబీలే. ఇంట్లో అన్నం, పప్పు, పెళ్లి, చావు, తగాదా, ఇవన్నీ తెలుగులో మాట్లాడతాం. జబ్బు దగ్గరికి వచ్చేసరికి మా తెలుగు అయిపోతుంది.

పరీక్ష తేలాక బావ నన్ను లేత్ మిషను వెనక్కి తీసుకుపోయాడు. మిషను ఆడుతూనే ఉంది, మాట బయటికి పోకూడదని.

"అమ్మ ముందర క్యాన్సర్ అనొద్దు. తట్టుకోలేదు."

"సరే."

"తమిళంలో కూడా అనొద్దు."

తమిళంలో క్యాన్సర్‌ను పుట్రునోయి అంటారు. పుట్రు అంటే మన పుట్ట. చెదలు పెట్టే పుట్ట, పాముండే పుట్ట. ఒంట్లో అలా లోపల్లోపల పెరుగుతుందని ఆ పేరు పెట్టి ఉంటారు. నేను ఆలోచించాను. ఇంగ్లీషు మాట వద్దన్నాడు, తమిళ మాట వద్దన్నాడు, తెలుగు మాట నాకు రాదు. తమిళాన్ని విరిచి తెలుగు చేస్తే? చెప్పినట్టూ ఉంటుంది, చెప్పనట్టూ ఉంటుంది. ఆ ఉపాయం తోచినందుకు నన్ను నేను కొంచెం మెచ్చుకున్నాను కూడా.

"నెత్తుర్లో పుట్ట పెట్టింది అత్తా" అన్నాను.

"పుట్టా?"

"అవును. ఈ మాత్ర ఆ పుట్టకే. రోజూ ఒకటి, మధ్యాహ్నం అన్నం తిన్నాక."

అత్త నా మొహంలోకి చాలాసేపు చూసింది. తరువాత ఎదురుగా నిల్చున్న బావ మొహంలోకి చూసింది. "సరి కన్ను" అని, తమిళంలో బిడ్డల్ని పిలిచే ముద్దుమాటతో, మాత్రల పెట్టె తీసుకుంది. అర్థం చేసుకోవడానికి అవస్థ పడుతోంది పాపం అనుకున్నాను.

మాత్ర పనిచేసింది. తెల్లకణాలు దిగొచ్చాయి. ఒకసారి పరీక్షకు వచ్చినప్పుడు అత్త, "పొద్దున లేస్తే కళ్లు ఉబ్బుతుండాయి అల్లుడా" అంది. నేను కంప్యూటరులో ఆమె అంకెలు చూసుకుంటున్నాను, చూడముచ్చటగా ఉన్నాయి. "అది మంచిదే అత్తా, మందు పని చేస్తోందని లెక్క" అన్నాను. అలాంటి లెక్క వైద్యశాస్త్రంలో ఎక్కడా లేదు. ఆ మాట మేమందరం అంటాం. అంటే ఎదుటి మనిషి లేచి వెళతారు, తరువాతి మనిషి వస్తారు.

కొన్ని నెలలకు అంకెలు మళ్లీ పైకి పాకాయి.

ఇక్కడ నేను చెప్పబోయేది సొంత అత్త విషయంలో ఎవరూ చెప్పుకోకూడనిది. నాకు భయం వేయవలసింది. వేసిన మాట నిజమే, కానీ దానికంటే ఒక అడుగు ముందు సంతోషం వచ్చింది. మాత్రకు లొంగని కొత్త మార్పు ఏదైనా ఆ కణాల్లో వచ్చిందేమో, ఇంతవరకు ఎవరూ చూడనిదేమో అని. మనసులో వ్యాసానికి పేరు కూడా పెట్టేశాను. నమూనా పంపించి, ఫలితం కోసం, పదో తరగతి రిజల్టుకు కూడా ఎదురుచూడనంతగా ఎదురుచూశాను. ఏ మార్పూ లేదని వచ్చింది. నిరాశ పడ్డాను. మా అత్తకు ప్రమాదకరమైన మార్పు రాలేదని తెలిసి నిరాశ పడినవాణ్ణి ఈ భూమ్మీద నేనొక్కణ్ణే అయి ఉంటాను.

అప్పుడు చేయవలసిన పరీక్ష చేయించాను, నెత్తుర్లో మందు ఎంత ఉందో చూసేది. బొత్తిగా లేదు.

ఆ వారమే తుడియలూరు పోయాను. ఇంట్లోకి పోబోతుండగా ఫోను వస్తే మాట్లాడుకుంటూ వర్క్‌షాపు వెనక్కి నడిచాను. అక్కడ, లేత్ చెత్త కుప్ప పక్కన, కంచె మూలన ఒక పుట్ట ఉంది. బావ భార్య శుక్రవారం శుక్రవారం దానికి పసుపూ కుంకుమా పెట్టి పాలు పోస్తుంది. పుట్ట నోటి దగ్గర పసుపు మధ్యలో ఇంకో రకం పసుపు కనిపించింది. వంగి చూశాను. మాత్రలు. కొన్ని నాని విచ్చుకున్నాయి, కొన్ని ఇంకా గుండ్రంగానే ఉన్నాయి.

అత్త వరండాలో కూర్చుని ఉంది. చేయి పట్టుకుని తీసుకొచ్చి చూపించాను.

అత్త పుట్టను చూసింది, నన్ను చూసింది. "నువ్వే కదా చెప్తివి, మాత్ర పుట్టకని. పుట్టకే వేస్తిని" అంది.

నేను బావకిచ్చిన మాట తప్పి, అది పుట్రునోయి అనీ, పుట్ట అన్నది నా అనువాదమనీ విడమరిచి చెప్పాను. అత్త నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అట్లనా సామీ? నాకెట్ల తెలుస్తాది, చదువు రానిదాన్ని" అంది. వరండాలో ఆమె కుర్చీ మీద మడిచిన తమిళ దినపత్రిక ఉంది, దాని మీద ఆమె కళ్లద్దాలున్నాయి. అవి నాకు కనిపించాయి. కనిపించాయి, అంతే.

ఇలాంటి సంగతి చేతికి దొరికితే నా వృత్తిలోవాళ్లు ఊరుకోరు. నేనూ ఊరుకోలేదు. మదురైలో నెత్తుటి వైద్యుల సదస్సులో, రోగికి అర్థమయ్యే మాట అనే విషయం మీద మాట్లాడుతూ పుట్ట కథ చెప్పాను. మొదట ముసలమ్మ, తరువాత అనువాదం, తరువాత పాలలో నానుతున్న మాత్రలు. ఎక్కడ ఆగాలో అక్కడ ఆగాను. హాలంతా నవ్వింది. రోగులు మందు మానేయడానికి భాషే కారణమని మొట్టమొదటిసారి నాకొక జవాబు దొరికింది, పైగా నవ్వించే జవాబు. ఆ తరువాత ఎక్కడికి పిలిచినా ఆ కథ అడిగి చెప్పించుకున్నారు. ఆ ఊపులోనే పిల్లల వాచకం కొనుక్కుని తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. అందులో అదొక్కటే నేను సిగ్గుపడనవసరం లేని పని, ఈ ముక్కలు రాయగలుగుతున్నది అందువల్లే.

తరువాత మా వాళ్ల సంఘం కోయంబత్తూరులో ఒక కళ్యాణ మండపంలో నాకు శాలువా కప్పింది. మన భాషలోనే మాట్లాడాలన్నారు. మాట్లాడాను. పుట్ట కథ చెప్పాను, ఒక పల్లెటూరి ముసలమ్మ అన్నాను. మా వాళ్లకు పుట్రు తెలుసు, పుట్ట తెలుసు, కాబట్టి మదురై డాక్టర్లకంటే ముందే నవ్వారు. రెండో వరసలో అత్త కూర్చుని ఉంది. ఆమె కూడా నవ్వింది.

బావా వాళ్లు స్కూటరు మీద పోయారు. అత్తను నేను కారులో దింపడానికి బయల్దేరాను. మేట్టుపాళయం రోడ్డు ఎక్కాక ఆమె మొదలుపెట్టింది.

"బాగా మాట్లాడితివి అల్లుడా. అందరూ నవ్విరి."

"ఏదో అత్తా."

"ఆ ముసల్దానికి తమిళం రాదా?"

నేను గేరు మార్చాను. మార్చవలసిన అవసరం లేదు.

"దినమూ తమిళంలోనే కదా కూరగాయలు బేరం చేస్తాది. పుట్రునోయి ఆస్పత్రి అని బస్టాండు గోడ నిండా రాసుంటాది. అది కూడా చదవలేదా, పాపం?"

"అత్తా..."

"పుట్ట అంటే పుట్రు అని తెలిసేదానికి డాక్టరు చదువు కావాల్నా? నువ్వు అన్నప్పుడే తెలిసింది. మీరిద్దరూ అంత కష్టపడి దాస్తుండారే, దాచుకోనీలే అనుకొంటిని."

ముందు లారీ ఒకటి ఆగింది. దాని వెనకాల ఆగాను. ఆ లారీ అక్కడే కాసేపు ఉంటే బాగుండుననిపించింది.

"అట్లయితే మాత్రలు ఏంటికి పారేస్తివి అత్తా?"

"కళ్లు ఉబ్బుతుండాయని నీతో చెప్తిని కదా."

"చెప్తివి."

"మంచిదే అంటివి."

"అంటిని."

"పొద్దున ముగ్గు వేసేదానికి వాకిట్లోకి పోతే ఎదురింటామె చూసి, ఏమి రాత్రంతా ఏడ్చినట్టుండావే అంటాది. ఒక దినమయితే పరవాలేదు, దినమూ అట్లనే. ఇంట్లో ఆడది ఇంకెవరుండారు? కోడలొకత్తే. అది చూసినాక అప్పురం వీధిలో ఏమనుకుంటారు? కోడలు ఏడిపిస్తుండాదనే కదా. ఆ పిల్ల నాకు గంజి కాచి ఇచ్చి, నా గుడ్డలు ఉతికి, చివరికి రాక్షసి అని పేరు తెచ్చుకోవాల్నా?"

"మరి పుట్టలో ఏంటికి..."

"చెత్తబుట్టలో వేస్తే కోడలు చూస్తాది. పుట్టలో ఎవరు చెయ్యి పెడతారు? నువ్వొచ్చి పట్టుకుంటివి. పుట్ట అన్న మాట నువ్వే ఇచ్చుంటివి కదా, దాన్నే వాడుకొంటిని." మళ్లీ ఆమే అంది. "ముసల్దానికి తెలివి లేదంటే ఎవరికీ కష్టం లేదు. చెప్తే నువ్వు వినలేదని అంటే నీకు కష్టం కదా కన్ను."

నన్ను కాపాడటానికి ఆమె మూర్ఖురాలి వేషం వేసింది. నేను ఆ వేషాన్ని ఊరూరా తిప్పి చప్పట్లు కొట్టించుకున్నాను. ఇంటి ముందు కారు ఆపాక అడగవలసినది అడిగాను.

"ఇప్పుడు మింగుతుండావా అత్తా?"

"మింగే దినాలు మింగుతుండాను" అని దిగింది.

అది సగం మింగడం కూడా కాదని పరీక్షలో తెలిసింది. అంకెలు మళ్లీ మెట్లెక్కుతున్నాయి, ఈసారి కొంచెం వేగంగా. ఇంకో మాత్ర ఉంది, దానితో కళ్లు ఉబ్బవు. కానీ అత్త గుండెకు ఇదివరకే స్టెంట్ వేశారు, ఆ మాత్ర ఆ గుండెకు మంచిది కాదు. ఉబ్బు తగ్గడానికి నీరు పోయే బిళ్ల ఇవ్వవచ్చు, కొంచెం తగ్గుతుంది, పూర్తిగా పోదు. అంటే ఈ మాత్రే, ఈ కళ్లతోనే, రోజూ. లేకపోతే ఎంతకాలం అన్నది చెప్పడం నాకు బాగా తెలుసు, వందలమందికి చెప్పి ఉంటాను. అత్తకు చెప్పడానికి తుడియలూరు పోయి, ఆమె ముందర పరీక్ష కాగితాలు తిరగేస్తూ కూర్చున్నాను.

ఆమే సాయం చేసింది. "చచ్చిపోతానని చెప్పేదానికి వచ్చుండావా?"

"మింగితే ఏమీ కాదు అత్తా. నీ కాళ్లు పట్టుకుంటా."

"కాళ్లు ఉబ్బలేదులే, వదిలిపెట్టు." ఆమె వీధి వైపు చూసింది. "మింగుతా. అయితే ఇది మందువల్ల అని నువ్వొచ్చి వీధిలో చెప్పాల. నేను చెప్తే నమ్మరు, కోడల్ని వెనకేసుకొస్తుండాననుకుంటారు. నువ్వు శాలువా కప్పించుకున్నవాడివి."

ఆదివారం పొద్దున వరండాలో నా ప్రసంగం. ఎదురింటామె, ఆమె తోడికోడలు, పక్కింటి పంతులమ్మ. ముగ్గురి చేతుల్లో కాఫీ గ్లాసులు. అత్త ఉబ్బిన కళ్లతో మధ్యలో కూర్చుంది, చూపించే బొమ్మలాగా. నేను ఎన్నో దేశాల వాళ్ల ముందు మాట్లాడాను. ఆ రోజు అరచేతులు ప్యాంటుకు తుడుచుకున్నాను.

"మా అత్తకు నెత్తుర్లో క్యాన్సర్" అన్నాను. గుమ్మంలో నిలబడిన బావ నన్ను చంపేసేలా చూశాడు. "భయపడేది లేదు, మాత్ర ఉంది. ఆ మాత్ర మింగితే కళ్ల కింద నీరు చేరుతుంది. పొద్దున ఎక్కువగా ఉంటుంది. ఏడుపు కాదు. ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు."

నా జీవితంలో నేనిచ్చిన అతిచిన్న ఉపన్యాసం అదే. 

ఎదురింటామె గ్లాసు కింద పెట్టింది. "ఇంతేనా డాక్టరు తంబీ? కోడలు ఏడిపిస్తాదని మేము ఎప్పుడనుకొంటిమి? ఆ పిల్లకి నోరే లేదు కదా. ఈమే కోడల్ని తిట్టిపోసి, అప్పురం మనసు తట్టుకోలేక తనే కూర్చుని ఏడుస్తాదని అనుకొంటిమి."

పంతులమ్మ కాఫీలోకి చూస్తూ తల ఊపింది.

అత్త నా వైపు తిరిగింది. "చూస్తివా అల్లుడా. చెడిన పేరు నాదే." అని నవ్వింది. నవ్వితే ఆ కళ్లు పూర్తిగా మూసుకుపోయాయి.

లోపలి నుంచి బావ భార్య వచ్చింది. ఒక చేతిలో నీళ్ల చెంబు, ఇంకో చేతిలో మాత్ర. అత్త ఎందుకు మానేసిందో ఆమెకు తెలిసింది ఆ పొద్దునే, తలుపు చాటున నిలబడి. "మింగండత్తా" అంది. అన్నం తిన్నాక మింగవలసిన మాత్ర అది, ఇంకా టిఫిను కూడా కాలేదు. నేను కాదనలేదు. అత్త అందరి ముందూ మింగి, నోరు తెరిచి చూపించింది, నాకు కాదు, కోడలికి. ఆ అమ్మాయి కళ్లు కూడా ఉబ్బి ఉన్నాయి. ఆమె ఏ మాత్రా వేసుకోదు.

ఇప్పుడు అంకెలు దిగాయి. నిదానంగా. అత్త రోజూ మింగుతుంది, కోడలు ఎదురుగా నిలబడితేనే మింగుతుంది. పెళ్లిళ్లకు ఆ కళ్లతోనే పోతుంది. ఎవరైనా అడిగితే, "మా అల్లుడిచ్చిన కాటుక" అంటుందట. నేను పోయినప్పుడు ముందు ఆమె మొహం చూసి, ఆ తరువాతే అంకెలు అడుగుతాను. "ఇప్పుడు చూసి ఏమి లాభం, ఇది అలవాటయిపోయిన మొహం" అంటుంది.

కథను మాత్రం వెనక్కి తెచ్చుకోలేకపోయాను. ఈ మధ్య మళ్లీ మదురై సదస్సుకు పోయాను. భోజనాల వరసలో నా వెనక నిలబడిన కుర్ర డాక్టరు ఒకడు నేను తెలుగువాణ్ణని తెలిసి దగ్గరికి జరిగి, "సార్, మా అవ్వకు జరిగింది చెప్తాను వినండి" అన్నాడు. వాళ్లది పళని దగ్గర ఊరట. అవ్వకు పుట్రునోయి అని చెప్పలేక పుట్ట అని చెప్పారట. అవ్వ మాత్రలన్నీ తీసుకుపోయి పుట్టలో పోసిందట. పాలు కూడా ఉన్నాయి. నేను ఎక్కడ ఆగేవాణ్ణో అక్కడే ఆగాడు.

నవ్వవలసిన చోట నవ్వాను. అది నా కథ అని చెప్పలేదు, మా అత్త కథ అనీ చెప్పలేదు. చెబితే మిగతాది కూడా చెప్పాలి, వెనకాల వరస చాలా పొడుగ్గా ఉంది. కానీ అడగకుండా ఉండలేకపోయాను.

"మీ అవ్వ కళ్లు ఎవరైనా చూశారా?"

కామెర్ల గురించి అడుగుతున్నాననుకున్నాడు. "చూశాం సార్" అన్నాడు, నా ప్లేటులోకి అప్పడం అందిస్తూ. "కళ్లు నార్మల్."